స్నార్కెలింగ్‌కి ప్రైవేట్ బోటా, షేరింగ్ బోటా, ఒడ్డు నుంచే దిగడమా: ఎవరికి ఏది సరిపోతుంది

స్నార్కెలింగ్ అంటే మాస్క్ పెట్టుకుని, గొట్టంతో ఊపిరి పీలుస్తూ, నీటి పైన తేలుతూ కింద ఉన్న పగడాల్నీ చేపల్నీ చూడటం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, కారణాలు తర్వాత. మీతో వచ్చేవాళ్ళలో పిల్లలో, పెద్దవాళ్ళో, ఈత అంతంత మాత్రంగా వచ్చినవాళ్ళో ఉంటే ప్రైవేట్ బోటు మాట్లాడుకోండి, కాకపోతే మీతో పాటు నీళ్ళలోకి దిగే గైడ్ కూడా ఉంటేనే. మీరు ఇద్దరే ఉండి, ఇద్దరికీ ఈత బాగా వచ్చి, బస చేసిన చోటి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో పగడపు దిబ్బ (రీఫ్) ఉంటే అసలు బోటే అక్కర్లేదు. నలుగురైదుగురు స్నేహితులు, అందరికీ ఈత వచ్చు, రీఫ్ మాత్రం ఒడ్డుకి చాలా దూరం అంటారా, అప్పుడు బాగా నడిపే పెద్ద షేరింగ్ బోటు చాలాసార్లు చిన్న ప్రైవేట్ బోటు కంటే మేలు. ఈ మూడో మాట చాలామంది ఒప్పుకోరు. డబ్బు ఎక్కువ పెడితే అన్నీ ఎక్కువే దొరుకుతాయనుకుంటారు, సముద్రం మీద అది నిజం కాదు, ఎందుకో కింద వివరంగా రాస్తున్నాను.

ప్రైవేట్ బోటుతో నిజంగా చేతికొచ్చేది ఏమిటి

ప్రైవేట్ అనగానే మెత్తటి సీట్లు, చల్లటి డ్రింకులు, మంచి ఫొటోలు గుర్తొస్తాయి. వాటికోసమే అయితే ఆ డబ్బు దాచుకోండి. అసలు విలువ ఒక్కటే: ఎన్నింటికి బయల్దేరాలో, ఎక్కడ ఆగాలో, ఎప్పుడు వెనక్కి తిరగాలో మీరూ కెప్టెనూ కలిసి నిర్ణయించుకోవచ్చు.

షేరింగ్ బోటులో రోజు ఎలా గడుస్తుందో చూడండి. పొద్దున్నే రకరకాల హోటళ్ళ నుంచి జనాన్ని పోగుచేసుకొస్తారు, జెట్టీ దగ్గర పేర్లు రాసుకుంటారు, ఫిన్స్ (ఈదడానికి కాళ్ళకి తొడుక్కునే రెక్కలు) సైజులు చూస్తారు, ఆలస్యంగా వచ్చేవాళ్ళ కోసం ఆగుతారు. రీఫ్ చేరేసరికి అక్కడ అప్పటికే ఇంకో మూడు నాలుగు బోట్లు ఉంటాయి. నీళ్ళలో దిగి చూస్తే చేపల కంటే ఫిన్సే ఎక్కువ కనిపిస్తాయి, జనం కాళ్ళు తాకి లేచిన ఇసుక ఇంకా కిందకి దిగి ఉండదు.

ఇక గాలి సంగతి. ఉష్ణమండల తీరాల్లో ఎండెక్కే కొద్దీ నేల వేడెక్కి సముద్రం మీద నుంచి గాలి ఒడ్డు వైపు వీస్తుంది, ఎప్పుడూ ఒకే దిక్కు నుంచి వీచే వ్యాపార పవనాలు కూడా చాలాచోట్ల మధ్యాహ్నానికే బలం పుంజుకుంటాయి. గాలి 10 నాట్స్ (గంటకి సుమారు 18 కిలోమీటర్లు) దాటాక అలల మీద తెల్లటి నురగ తరచుగా కనిపిస్తుంది, 15 నాట్స్ దగ్గర చిన్న చిన్న అలలు స్నార్కెల్ గొట్టంలోకి నీళ్ళు కొట్టడం మొదలవుతుంది. అలవాటు ఉన్నవాళ్ళు ఉఫ్ అని ఊదేసి ముందుకెళ్తారు, మొదటిసారి దిగినవాళ్ళకి మాత్రం ఒక్క గుక్క ఉప్పునీళ్ళు గొంతులో పడితే చాలు, టెన్షన్ వచ్చేసి ఆ రోజంతా మళ్ళీ మాస్క్ ముట్టుకోరు. హవాయిలో మౌయి ద్వీపం పక్కన సముద్రంలోంచి అర్ధచంద్రాకారంలో లేచిన మొలోకిని అనే అగ్నిపర్వత బిలం ఉంది, బోటు తప్ప వేరే దారి లేదు, అక్కడికి వెళ్ళే బోట్లు ఎక్కువగా తెల్లవారుజామునే కదిలేది ఈ గాలి వల్లే.

కాబట్టి ప్రైవేట్ బోటు తీసుకుని పదింటికి బయల్దేరడం అంటే పెట్టిన డబ్బులో సగం నీళ్ళపాలు చేసుకోవడమే. కెప్టెన్‌ని మొదట అడగాల్సింది వేళ గురించే. మరీ చీకట్లో వెళ్ళినా లాభం లేదు, సూర్యుడు కొంచెం పైకి రాకపోతే పగడాల రంగులు తేలవు. గాలి లేవకముందు, ఎండ పడ్డాక ఉండే ఆ రెండు మూడు గంటలే బంగారం.

ఆటుపోట్లు ఇంకో విషయం, దీన్ని చాలామంది లెక్కలోకే తీసుకోరు. పోటు వచ్చేటప్పుడు బయటి సముద్రపు తేట నీరు రీఫ్ మీదికి వస్తుంది. ఆటు సమయంలో రీఫ్‌కీ ఒడ్డుకీ మధ్య ఉండే లాగూన్‌లోని మట్టి నీరు, ఇసుక నీరు సన్నటి పాయల గుండా బయటికి పరుగెడుతుంది, ఆ పాయల దగ్గర లాగుడు గట్టిగా ఉంటుంది. అమావాస్యకీ పౌర్ణమికీ ఈ లాగుడు ఇంకా ఎక్కువ. పోటు వేళ రోజురోజుకీ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ ఉంటుంది, షేరింగ్ బోటు టైమ్‌టేబుల్ మాత్రం మారదు. అందుకే నిన్న వెళ్ళినవాళ్ళు అద్దంలా ఉంది అంటే, అదే బోటులో వారం తర్వాత వెళ్ళినవాళ్ళు ఏమీ కనిపించలేదు అంటారు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు.

ప్రవాహం ఉన్న చోట తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఒక నాట్ వేగం అంటే సెకనుకి అర మీటరు. వినడానికి ఏమీ అనిపించదు, కానీ దానికి ఎదురీదుతూ ఎక్కువసేపు నిలబడటం ఫిన్స్ వేసుకున్న మామూలు మనిషి వల్ల కాదు. షేరింగ్ బోటు ఎక్కువగా ఒకచోట కట్టేసి ఉంటుంది, మీరే ఈదుకుంటూ వెనక్కి రావాలి. మంచి ప్రైవేట్ కెప్టెన్ మిమ్మల్ని ప్రవాహానికి ఎగువన దింపి, మీరు తేలుతూ రీఫ్ పొడవునా వెళ్తుంటే కొంచెం దూరంగా వెంటే వచ్చి, దిగువన ఎక్కించుకుంటాడు. కాళ్ళు కదపకుండా పగడాల గోడ మొత్తం చూడొచ్చు. ఒకసారి ఇలా చూసినవాళ్ళకి కట్టేసిన బోటు చుట్టూ తిరగడం నచ్చదు. నన్నడిగితే ప్రైవేట్ బోటు తీసుకోవడానికి ఇంతకంటే మంచి కారణం లేదు.

డబ్బుతో రానివి

బోటు మొత్తం మనదే కాబట్టి ఎక్కడికైనా తీసుకెళ్తాడు అనుకోకండి. థాయ్‌లాండ్‌లోని మాయా బేని 2018లో మూసేశారు, 2022 జనవరిలో తెరిచాక కూడా బోట్లని ఆ అఖాతంలోకి రానివ్వడం లేదు, ప్రైవేట్ అయినా షేరింగ్ అయినా అదే నియమం. ఆస్ట్రేలియాలోని నింగాలూలో వేల్ షార్క్ అనే భారీ చేప దగ్గర ఒకసారికి ఒక్క బోటే ఉండాలి, నీళ్ళలో పదిమందికి మించకూడదు. హవాయిలో స్పిన్నర్ డాల్ఫిన్లకి 50 గజాల లోపలికి వెళ్ళడం 2021 నుంచి చట్టవిరుద్ధం. "ఇంకొంచెం దగ్గరికి పోనివ్వండి, ఎవరూ చూడరు" అని ఒత్తిడి చేసేది ఎక్కువగా ప్రైవేట్ బోటు తీసుకున్నవాళ్ళే, దయచేసి ఆ పని చేయకండి. మీరు అడగకపోయినా అలా పోనిచ్చే కెప్టెన్ అయితే మీ ప్రాణాల విషయంలో కూడా అంతే తేలిగ్గా ఉంటాడు.

సీజన్‌ని కూడా డబ్బు మార్చలేదు. థాయ్‌లాండ్ పశ్చిమ తీరంలోని సిమిలాన్ దీవుల్ని ఏటా వర్షాకాలంలో నెలల తరబడి మూసేస్తారు. ఆస్ట్రేలియా ఈశాన్య తీరంలో సుమారు నవంబర్ నుంచి మే దాకా ప్రాణాంతకమైన జెల్లీ చేపలు తిరుగుతాయి, ఒళ్ళంతా కప్పే సూట్ లేకుండా దిగకూడదు. తేదీలు ఖాయం చేసుకునే ముందే ఆ తీరంలో ఆ నెలలో గాలి ఏ వైపు నుంచి వీస్తుందో చూసుకోండి. ద్వీపమైతే గాలికి చాటుగా ఉన్న వైపు నీళ్ళు దాదాపు ఎప్పుడూ ప్రశాంతంగా ఉంటాయి, అవతలి వైపు అదే రోజు అడుగు పెట్టలేని పరిస్థితి ఉండొచ్చు.

నీళ్ళలో ఉన్నప్పుడు మిమ్మల్ని చూసేది ఎవరు

చిన్న ప్రైవేట్ బోటు కంటే పెద్ద షేరింగ్ బోటు మేలు కావచ్చు అన్నది ఇందుకే.

నియమాలు గట్టిగా ఉన్న చోట్ల షేరింగ్ బోటుని చాలా జాగ్రత్తగా నడుపుతారు. 1998 జనవరిలో ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ దగ్గర ఒక డైవింగ్ బోటు తలలు సరిగ్గా లెక్కపెట్టకుండా వెనక్కి వచ్చేసింది, అమెరికాకి చెందిన భార్యాభర్తలు సముద్రంలోనే ఉండిపోయారు, మళ్ళీ దొరకలేదు. దాని తర్వాత ఆ రీఫ్ ఉన్న క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో లెక్క విషయంలో నియమాలు బిగించారు. ఇప్పుడు అక్కడ నీళ్ళలో ఉన్నవాళ్ళని గమనించడమే పనిగా ఒక మనిషి ఉండాలి, గుండె జబ్బు లాంటివి ఉన్నవాళ్ళు ముందే చెప్పాలి, వాళ్ళకి విడిగా గుర్తుపట్టే తేలే వెస్ట్‌లు ఇస్తారు.

ఇప్పుడు చిన్న ప్రైవేట్ బోటు ఊహించుకోండి. కెప్టెన్ ఒక్కడే. మీరు ఆరుగురూ నీళ్ళలోకి దిగారు, ఇద్దరు ఎడమకి, ముగ్గురు కుడికి, ఒకరు బోటు వెనక మాస్క్ సర్దుకుంటూ. అతను బోటు కొట్టుకుపోకుండా చూసుకోవాలి, రేడియో వినాలి, ఇంకో బోటు మీ మీదికి రాకుండా చూడాలి, అన్నింటితో పాటు ఆరు తలలు. ఎవరైనా ఇబ్బందిలో పడితే అతను దూకాడంటే బోటు మీద ఎవరూ ఉండరు, దూకకపోతే నీళ్ళలో మీకు ఎవరూ లేరు. ఎంత మంచి కెప్టెన్ అయినా ఒక్కడే అయితే ఇదే పరిస్థితి. అందుకే ప్రైవేట్ బోటు అంటే కనీసం ఇద్దరు సిబ్బంది, అందులో ఒకరు మీతో పాటు నీళ్ళలో. దీనికి అదనంగా అడిగితే ఇవ్వండి, సీట్లకీ మ్యూజిక్‌కీ పెట్టేదంతా తగ్గించుకునైనా ఇవ్వండి.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, స్నార్కెలింగ్‌లో ప్రాణం పోయేది చప్పుడు లేకుండా. చేతులు ఊపడం, కేకలు వేయడం చాలాసార్లు ఉండవు. తల నీళ్ళలో పెట్టి తేలుతున్న మనిషీ, స్పృహ తప్పిన మనిషీ దూరం నుంచి ఒకేలా కనిపిస్తారు. హవాయిలో ఈ మరణాల మీద ప్రత్యేకంగా అధ్యయనం చేశారు, అందులో తేలింది ఏమిటంటే కొందరిలో నీళ్ళు మింగడం కారణం కాదు, గొట్టం గుండా గాలిని గట్టిగా పీల్చాల్సి రావడం వల్ల ఊపిరితిత్తుల్లో ఒత్తిడి తేడా ఏర్పడి లోపలి నుంచే నీరు చేరుతోంది. పైకి కనిపించే గుర్తులు హఠాత్తుగా ఆయాసం, నీరసం, ఒంట్లో శక్తి అంతా పోయినట్టు అవడం. ఈత వచ్చినవాళ్ళకీ జరుగుతుంది. గుండె సమస్యలు ఉన్నవాళ్ళకీ, నీళ్ళలో గట్టిగా శ్రమపడేవాళ్ళకీ ముప్పు ఎక్కువ. ఆయాసం అనిపించిన క్షణమే మాస్క్, గొట్టం తీసేసి, వెల్లకిలా తిరిగి, చెయ్యెత్తి పిలవాలి, "కొంచెం ఆగితే అదే తగ్గుతుందిలే" అని ఈదుతూ ఉండకూడదు. ముఖమంతా కప్పే మాస్కుల గురించి వాదనలు ఉన్నాయి, నా మటుకు నేను ఎవరికీ చెప్పను, అవి తొందరలో లాగి తీయడం కష్టం, గొట్టంలోకి వచ్చిన నీళ్ళని నోటితో ఊదేసే వీలు కూడా ఉండదు. ఇద్దరిద్దరుగా జతకట్టి దిగండి, ఒకరు కిందకి చూస్తున్నప్పుడు ఇంకొకరు అప్పుడప్పుడూ తలెత్తి చూస్తూ ఉండాలి.

ఇంజిన్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఎవరైనా నిచ్చెన దగ్గర ఉన్నంతసేపూ ఇంజిన్ పూర్తిగా ఆపి ఉండాలి, న్యూట్రల్‌లో ఉంది కదా అంటే ఒప్పుకోకండి. నీళ్ళలో మనుషులు ఉన్నారని తెలిపే జెండా ఎగరేయాలి, అమెరికా వైపు ఎర్ర జెండా మీద ఐమూలగా తెల్ల పట్టీ, మిగతా చాలా చోట్ల తెలుపు నీలం ఆల్ఫా జెండా. ఫ్లోరిడాలో అయితే ఆ ఎర్ర జెండాకి బయటి సముద్రంలో 300 అడుగులు, ఇరుకు కాలువల్లో 100 అడుగుల దూరంలో ఉండేలా మిగతా బోట్లు జాగ్రత్తపడాలని చట్టమే ఉంది. మీ బోటులో జెండా లేకపోతే అవతలి స్పీడ్‌బోటువాడికి మీరున్నట్టు తెలిసే దారే లేదు.

బోటు ఎలాంటిది, నిచ్చెన ఎలా ఉంది

నిచ్చెన గురించి దాదాపు ఎవరూ అడగరు, నేను మాత్రం బోటు ఫొటోల్లో ముందు అదే వెతుకుతాను. ముప్పావుగంట ఈదాక మనిషి బోటు వెనక్కి వస్తాడు. అల వచ్చినప్పుడల్లా బోటు వెనక భాగం పైకి లేచి దబ్బున కిందకి పడుతుంటుంది, దానితో పాటే నిచ్చెన కూడా. ఒక చేత్తో నిచ్చెన పట్టుకుని రెండో చేత్తో ఒక ఫిన్ విప్పాలి, పైనున్న మనిషికి అందించాలి, తర్వాత రెండోది. నిచ్చెన రెండు మూడు మెట్లు నీళ్ళలోకి దిగి ఉంటే పాదానికి మెట్టు తగులుతుంది, బరువు కాళ్ళ మీద పడుతుంది, అల పైకి ఎత్తినప్పుడు దానితో పాటే లేస్తే డెబ్భై ఏళ్ళ మనిషి కూడా నిదానంగా ఎక్కేస్తారు. నీటి మట్టం దగ్గరే ఆగిపోయే నిచ్చెన అయితే మోకాలిని ఛాతీ దాకా తేవాలి, మిగతాదంతా చేతుల బలమే, ఆ చేతులేమో అప్పటికే అలసిపోయి ఉంటాయి. కొన్ని రబ్బరు బోట్లకి అసలు నిచ్చెనే ఉండదు, పక్క నుంచి ఇద్దరు చంకల కింద పట్టుకుని లోపలికి లాగేస్తారు. కుర్రాళ్ళకి అది సరదా, నడుము నొప్పి ఉన్నవాళ్ళకీ భారీ మనుషులకీ మాత్రం నరకం, పైగా అందరి ముందూ అలా లాగించుకోవాల్సి వచ్చినందుకు రెండోసారి దిగనంటారు. మీతో పెద్దవాళ్ళు ఉంటే "నిచ్చెన నీళ్ళలోకి ఎన్ని మెట్లు దిగుతుంది, ఫొటో పంపండి" అని అడగండి, మొహమాటపడకండి.

బోటు రకం దీని తర్వాతే. రెండు తొట్ల కాటమరాన్ వెడల్పుగా ఉంటుంది కాబట్టి కట్టేసినప్పుడు తక్కువ ఊగుతుంది, నీడ ఉంటుంది, చాలావాటిలో టాయిలెట్ ఉంటుంది, మెట్లు నీటి దగ్గరిదాకా వస్తాయి. చిన్నపిల్లలు, పెద్దవాళ్ళు ఉన్న కుటుంబానికి నా ఓటు దీనికే. స్పీడ్‌బోటూ, గాలి నింపిన రబ్బరు బోటూ వేగంగా వెళ్తాయి, ఒకే పూటలో రెండు మూడు చోట్లు చూపిస్తాయి, కానీ అల మీద ఎగిరెగిరి పడుతుంటే వెన్నుకి దెబ్బ, గర్భిణులని అస్సలు ఎక్కించకూడదు. తెడ్డు బోటుకి మోటారు పెట్టినట్టుండే సన్నటి చెక్క బోట్లు దగ్గరి దిబ్బలకి, ప్రశాంతమైన నీళ్ళకి బాగుంటాయి, తక్కువ లోతులోకి కూడా వెళ్తాయి, దూరం వెళ్ళడానికి వద్దు. తెరచాప పడవ మీద ప్రయాణం చాలా అందంగా ఉంటుంది, కాకపోతే సగం పూట ప్రయాణానికే పోతుంది. ఈత రాని పెద్దవాళ్ళు పగడాలు చూడాలని ముచ్చటపడితే అడుగున అద్దం ఉన్న బోటు ఉండనే ఉంది.

సిబ్బంది లేకుండా బోటు తీసుకుని మనమే నడుపుకునే పద్ధతి స్నార్కెలింగ్‌కి నేను సిఫార్సు చేయను. ఒకరు ఎప్పుడూ బోటు మీదే ఉండిపోవాలి. నీటి రంగు చూసి ఎక్కడ లోతో ఎక్కడ రాయో చెప్పడం ఆ తీరంలో ఏళ్ళ తరబడి తిరిగినవాళ్ళ విద్య, మ్యాప్ చూసి వచ్చేది కాదు, సూర్యుడు ఎదురుగా ఉన్నప్పుడు వాళ్ళకి కూడా కష్టమే.

కడుపులో తిప్పే అలవాటు ఉన్నవాళ్ళు మాత్ర బోటు కదిలాక వేసుకుంటే పనిచేయదు, కనీసం అరగంట, గంట ముందే వేసుకోవాలి, ఏది వేసుకోవాలో డాక్టర్‌ని అడగండి, కొన్నింటికి మగత వస్తుంది, ఆ మగతతో నీళ్ళలోకి దిగకూడదు. బోటు మధ్యలో కూర్చుని దూరంగా ఆకాశం సముద్రం కలిసే చోటు చూస్తూ ఉండాలి, ఫోన్ వైపు చూడకూడదు. ప్రైవేట్ బోటులో ఇంకో వెసులుబాటు, ఒకరికి మరీ ఇబ్బందిగా ఉంటే వెనక్కి తిరగొచ్చు. షేరింగ్ బోటులో ఆ మనిషి మిగతావాళ్ళంతా ఈదడం అయ్యేదాకా రెయిలింగ్ పట్టుకుని కూర్చోవాల్సిందే.

డబ్బు లెక్క

షేరింగ్‌లో మనిషికింత, ప్రైవేట్‌లో బోటు మొత్తానికి గంటలకింత. మీరెంతమందో ఆ సంఖ్యతో భాగించి చూసుకుంటే చాలదు, ఏ గంటలకి కడుతున్నారో చూడండి. ఎక్కువచోట్ల జెట్టీ దగ్గర కదిలినప్పటి నుంచి మళ్ళీ జెట్టీ చేరేదాకా లెక్కేస్తారు. నాలుగు గంటల బోటు అంటారు, రీఫ్ గంటన్నర దూరం అయితే నీళ్ళలో ఉండేది గంట మాత్రమే. ఆస్ట్రేలియాలో కెయిర్న్స్ నుంచి బయటి రీఫ్‌కి వేగంగా పోయే పెద్ద కాటమరాన్‌కే సుమారు గంటన్నర పడుతుంది, అలాంటి చోట చిన్న ప్రైవేట్ బోటు తీసుకుంటే ఇంధనానికే డబ్బంతా పోతుంది, ఒళ్ళు హూనమవుతుంది, అక్కడ పెద్ద షేరింగ్ బోటే సరైన ఎంపిక. రీఫ్ అరగంట లోపు దూరంలో ఉంటే మాత్రం లెక్క మారిపోతుంది, ఆరుగురు ఎనిమిది మంది ఉన్న కుటుంబానికి ప్రైవేట్ బోటు మనిషికి పడే ఖర్చు షేరింగ్‌కి కొంచెం పైన ఉంటే నేను ఆలోచించను, తీసేసుకుంటాను.

ఇంధనం విడిగానా, పార్కు రుసుము ఎవరు కడతారు, మాస్కులూ ఫిన్సూ కలిపేనా, గైడ్ కలిపేనా, ఇవన్నీ రాతపూర్వకంగా తీసుకోండి. అన్నిటికంటే ముఖ్యమైంది వాతావరణం బాగోక ఆగిపోతే డబ్బు వెనక్కి ఇస్తారా లేదా అన్నది, వద్దని నిర్ణయించేది ఎవరన్నది కూడా. కెప్టెన్ వద్దంటే పూర్తి డబ్బు వెనక్కి అని ఉన్న చోట కెప్టెన్ నిజాయితీగా ఉండగలడు, లేని చోట మీకు ఇష్టం లేకపోయినా బయల్దేరమని ఒత్తిడి ఉంటుంది.

ఒడ్డు నుంచి దిగడాన్ని తక్కువ చూడకండి

మొదటిసారి స్నార్కెలింగ్ చేసేవాళ్ళెవరైనా నేరుగా బోటు మీద నుంచి లోతు నీళ్ళలోకి దూకకూడదు. నడుము లోతు నీళ్ళలో, అడుగున ఇసుక ఉన్నచోట మోకాళ్ళు వంచి ముఖం నీళ్ళలో పెట్టండి. మొదటి పది శ్వాసలు గాభరాగానే ఉంటాయి, నోటితో పీల్చాలని తెలిసినా ముక్కు ఊరుకోదు, మాస్క్ అద్దం లోపల ఆవిరి పడుతుంది. అప్పుడు లేచి నిలబడొచ్చు, ఒడ్డు ఇచ్చే గొప్ప సౌకర్యం అదే. పదిహేనో ఇరవయ్యో శ్వాసకి భుజాలు వదులవుతాయి, ఊపిరి నిదానిస్తుంది, అప్పుడు గానీ చేపలు కళ్ళకి ఆనవు. ఇది బోటు మీద, డబ్బు కట్టిన గంట పరుగెడుతుండగా నేర్చుకోవాల్సింది కాదు. హవాయిలోని హనౌమా బే లాంటి చోట ఒడ్డు పక్కనే లోతు తక్కువ రీఫ్ ఉంటుంది, లోపలికి వెళ్ళే ముందు పగడాల గురించీ జాగ్రత్తల గురించీ వీడియో కూడా చూపిస్తారు, అలాంటి తీరం దగ్గర్లో ఉంటే మొదటి రోజు అక్కడ గడిపి బోటుని తర్వాతి రోజుకి పెట్టుకోండి. మాల్దీవుల్లో చాలా దీవులకి ఒడ్డు పక్కనే రీఫ్ ఉంటుంది, అక్కడ ఈత వచ్చినవాళ్ళకి బోటు అవసరం మాంటా చేపల్లాంటివి చూడాలనుకుంటేనే.

ఒడ్డు నుంచి దిగడంలో ఇబ్బంది, అక్కడ మిమ్మల్ని చూసే మనిషే ఉండకపోవచ్చు, అలలు విరిగే చోట లోపలికి లాగే ప్రవాహాలు ఉండొచ్చు. లైఫ్‌గార్డ్ ఉన్న చోటే దిగండి.

మాస్క్ మాత్రం ఏ పద్ధతిలో వెళ్ళినా సొంతది కొనుక్కోండి. పట్టీ వేసుకోకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి లోపలికి పీల్చి, చెయ్యి తీసేస్తే పడిపోకుండా అంటుకుని ఉండాలి, అదే సరైన సైజు. మీసం ఉన్నవాళ్ళకి కొంచెం నీళ్ళు కారడం తప్పదు. కళ్ళద్దాలు వాడేవాళ్ళు పవర్ ఉన్న మాస్క్ ముందే తెచ్చుకోకపోతే బోటు ఎంత ఖరీదైనదైనా కింద కనిపించేది రంగుల మసకే.

పగడాల దగ్గర బోటుని ఎలా ఆపుతారో అడగండి

ఒక చిన్న ప్రశ్నతో కెప్టెన్ ఎలాంటివాడో తెలిసిపోతుంది: "రీఫ్ దగ్గర బోయాకి కడతారా, లంగరు వేస్తారా?" బోయా అంటే బోటు తాడు కట్టుకోవడానికి నీటి మీద తేలేలా అమర్చిన గుండు. లంగరు, దాని గొలుసు పగడాల మీద పడితే వందల ఏళ్ళుగా పెరిగినది ఒక్క పూటలో పొడి అవుతుంది. గుండ్రటి రాయిలా పెరిగే పగడాలు ఏడాదికి సెంటీమీటరు అటూ ఇటుగానే పెరుగుతాయి, కొమ్మల్లాంటివి వేగంగా పెరిగినా సంవత్సరానికి పది సెంటీమీటర్ల చుట్టుపక్కలే. శాశ్వతంగా అమర్చిన బోయాకి తాడు కట్టుకోవడం, అది లేకపోతే రీఫ్‌కి దూరంగా ఇసుక మీద లంగరు వేయడం, ఈ రెండిట్లో ఏదో ఒకటి వెంటనే చెప్పే కెప్టెన్‌ని నమ్మొచ్చు. మీ వంతుగా పగడం మీద నిలబడకండి, ఫిన్ తగలనివ్వకండి. పగడాలకి హాని చేస్తుందని చెప్పే ఆక్సీబెంజోన్ అనే రసాయనం ఉన్న సన్‌స్క్రీన్లని పలావు అనే ద్వీపదేశం 2020 నుంచి నిషేధించింది, హవాయి 2021 నుంచి వాటి అమ్మకం ఆపేసింది. పొడుగు చేతుల రాష్‌గార్డ్ (నీళ్ళలో వేసుకునే బిగుతు చొక్కా) వేసుకుంటే వీపుకి ఏ క్రీమూ అక్కర్లేదు, ముఖం కిందకి పెట్టి తేలేటప్పుడు కాలేది వీపూ మోకాళ్ళ వెనకా.

అదే ఫోన్‌లో మిగతావి కూడా అడిగేయండి. నీళ్ళలోకి దిగే గైడ్‌కి ప్రాణరక్షణలో శిక్షణ ఉందా, ఆక్సిజన్ బోటులో ఉందా, ఒడ్డుతో మాట్లాడటానికి రేడియో ఉందా లేక ఫోన్ సిగ్నల్ మీదే ఆధారపడతారా (వీహెచ్‌ఎఫ్ రేడియోలో ఆపద పిలుపుకి చానెల్ 16, ప్రపంచమంతా అదే), పిల్లల సైజు లైఫ్ జాకెట్లు ఉన్నాయా. జవాబులు తడుముకోకుండా వస్తే బుక్ చేయండి. "అవన్నీ మేం చూసుకుంటాం సార్, మీరు రండి" అని దాటేస్తే ఇంకొకరికి ఫోన్ చేయండి, ఎంత తక్కువకి ఇస్తామన్నా సరే.

ముందు రోజు సాయంత్రం కెప్టెన్‌తో ఒకసారి మాట్లాడి రేపు గాలి ఎటు నుంచి, పోటు ఎన్నింటికి, మొదట ఏ చోటికి తీసుకెళ్తాడు అని అడగండి. ఆ చోటు బాగోకపోతే వెళ్ళే రెండో చోటు పేరు కూడా అప్పుడే తెలుసుకోండి, అది గాలి చాటున ఉందో లేదో మ్యాప్‌లో మీరే చూసుకోవచ్చు.